అప్పలమ్మ దిష్టి తిట్లు, గంగరాజు ఉపన్యాసం

రాజోలు సీమలో విలేకరి తాతబ్బాయి చేతిలో పడితే చినుకు తుఫానైపోయేది. కాలవగట్టున కాలుజారిన దూడ మొసలి నోట్లోంచి తప్పించుకుని వచ్చేది. ఒకసారి సంతకి తెచ్చిన గుమ్మడికాయ బరువుకి బండి ఇరుసు విరిగిందని రాశాడు. ఆ కాయని చూడ్డానికి నరసాపురం నుంచి రేవు దాటి జనం వచ్చారు. "ఆలస్యం చేసేరండి. నిన్ననే కూర వండేసేరు. ఊరంతా తిన్నా ఇంకా మిగిలితే గేదెలకి పెట్టేరు" అన్నాడు తాతబ్బాయి. వచ్చినవాళ్లు కోప్పడలేదు సరికదా, "పోన్లెండి, కూరెలా కుదిరిందో అదైనా చెప్పండి" అని అరుగు మీద కూర్చుని, అదీ విని, టీ తాగి మళ్లీ రేవు దాటి వెళ్లిపోయారు. నమ్మకం లేకపోతే రాజోలు బస్టాండులో ఎవర్నయినా అడగండి. ఇంకో రెండు మాటలు ఎక్కువే కలిపి చెప్తారు.

అలాంటి మనిషి జన్మలో ఒక్కసారి, ఒక్క అక్షరం కలపకుండా, జరిగింది జరిగినట్టు రాశాడు. దాన్నే ఎవరూ చదవలేకపోయారు.

తాతబ్బాయిది కొబ్బరితోటలున్న రైతు కుటుంబం. ఇంటర్మీడియెట్ పరీక్షలు ఆయన్ని ఎన్నిసార్లు తప్పించాయో పరీక్షలకే తెలియాలి. తోట పని ఒంటికి పడలేదు. నోటికి మాత్రం ఎదురులేదు. దాంతో "తూర్పు కెరటం" అనే దినపత్రికకి ఆ మండలం విలేకరి అయ్యాడు. రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక వార్తలు రాసి, కవర్లో పెట్టి, మీద "న్యూస్ - అర్జంట్" అని రాసి, రాజమండ్రి బస్సు డ్రైవరు చేతికిచ్చేవాడు. ఆ కవరు గన్నవరం అక్విడక్టు మీదుగా గోదావరి దాటి, రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరేది. అక్కడ పేపరాఫీసు మనిషి అందుకునేవాడు. డ్రైవర్లు దాన్ని పెళ్లికూతురు నగలపెట్టెలా సీటు పక్కనే పెట్టుకునేవారు. దార్లో విప్పి చదివి, బాగోలేకపోతే మర్నాడు చెప్పేవారు కూడా.

"మీ వార్తల్లో నిజం ఎంతుంటుందండీ?" అని భార్య సరోజిని అడిగేది.

"కూరలో ఉప్పంత."

"అయితే చప్పిడి కూరే రోజూ."

ఇక గంగరాజు. సముద్రం దగ్గరున్న ఇసుకపాలెంలో పడవలూ వలలూ నమ్ముకున్న మత్స్యకార కుటుంబం అతనిది. తాతబ్బాయితో ఏడో తరగతి దాకా ఒకే బెంచీ. రైతుల అబ్బాయీ, పాలెం అబ్బాయీ ఒకే బెంచీ మీద కూర్చోవడం అప్పట్లో మాస్టారికే కాస్త ఎబ్బెట్టు. కానీ ఆ బెంచీ కాలు విరిగింది, దాని మీద కూర్చోవడం ఈ ఇద్దరికే చేతనయ్యేది. పెద్దయ్యాక నలుగురిలో "తాతబ్బాయి గారండి, బాగున్నారా" అనేవాడు గంగరాజు. ఇద్దరే ఉన్నప్పుడు మాత్రం "ఒరేయ్ తాతబ్బాయ్" అనేవాడు. ఈ భూమ్మీద తాతబ్బాయిని ఒరేయ్ అని పిలిచే మనిషి, వాళ్ల నాన్న పోయాక, గంగరాజు ఒక్కడే. ఆ పిలుపు కోసమే తాతబ్బాయి ఏదో వంక పెట్టుకుని రేవు వైపు సైకిల్ తొక్కేవాడు.

తొంభై అయిదులో మండలానికి జడ్పీటీసీ ఎన్నికలొచ్చాయి. పాలేనికి మంచినీళ్ల కుళాయి కావాలి, రేవుకి రోడ్డు కావాలి అని గంగరాజు ఏ పార్టీ గుర్తూ లేకుండా నిలబడ్డాడు. మొదట అందరూ నవ్వారు. తర్వాత రైతుల్లో కూడా కొందరు, "కుర్రాడు మాటకి నిలబడే మనిషి, చూద్దాం లెండి" అనడం మొదలెట్టారు. పెద్ద పార్టీల వాళ్లకి అప్పుడు నవ్వు ఆగింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే గంగరాజు తమ్ముడి వరసవాడు కొత్త పడవ నీళ్లలోకి దించాడు. ఇసుకపాలెంలో పడవ దించడానికి ఒక ఆచారం ఉంది. పాలెంలో అందరికంటే పెద్ద ముత్తైదువ పడవ ముందు భాగం మీద నిలబడి, చుట్టుపక్కల పెద్దమనుషులందర్నీ పేరుపేరునా తిడుతుంది. ఎంత పెద్దవాళ్ల పేరున ఎంత ఘోరంగా తిడితే పడవకి అంత దిష్టి పోతుందని లెక్క. తిట్టించుకున్న వాళ్లకీ అదో గౌరవమే. ఆ మర్నాడు కొబ్బరిబోండాలో, కొత్త చీరో పంపేవారు. ఒకసారి పాత మునసబు గారి పేరు మర్చిపోతే ఆయన రెండు పూటలు అన్నం మానేసి, "మా మీద ఆవిడకి ఏమన్నా కోపమా" అని పాలేరుని పంపి కనుక్కున్నాడు.

తిట్టే మనిషి అప్పలమ్మ. గంగరాజుకి మేనత్త. తల్లి పోతే చంకనేసుకుని పెంచిన మనిషి. మామూలప్పుడు చీమకి కూడా దారిమ్మని దణ్ణం పెట్టే రకం. పడవెక్కితే మాత్రం గాలి కూడా పక్కకి తప్పుకునేది. ఆ రోజు కొంగు నడుంకి చుట్టి అందుకుంది.

"ఓలమ్మో రైతుల్లారా! మీ కొంపలు గోదాట్లో కొట్టుకుపోనూ! మీ కొబ్బరితోటలు ఉప్పునీళ్లు తాగా! మీ గాదెల్లో మా రొయ్యలు పిల్లల్ని పెట్టా!"

గట్టు మీద చేరిన రైతులు పడీపడీ నవ్వారు. "నా పేరు రాలేదే అప్పలమ్మా!" అని ఒకాయన అరిచాడు. "వస్తన్నాను ఉండు బాబూ, నీకు దాచుంచేను!" అంది ఆవిడ. తాతబ్బాయి పేరు కూడా వచ్చింది. "పేపరు రాసే చేతికి పక్షవాతం రానూ!" అంటే సంబరంతో సైకిల్ బెల్లు కొట్టాడు.

సాయంత్రానికి దాన్ని తన పద్ధతిలో వార్తగా రాశాడు. కథ చెప్పేవాడు అసలు సంగతి చివర్న దాచుకుంటాడు కదా. తాతబ్బాయీ అలాగే చేశాడు. ముందు తిట్లన్నీ వరసగా, ఘాటుగా రాసి, చదివేవాడు అదిరిపోయాక చివరి పేరాలో, ఇదంతా దిష్టి తీయడమనీ, తిట్టించుకోవడం ఇక్కడ మర్యాద అనీ విప్పాడు. ఇన్నేళ్లు రాస్తున్నా ఆయన పట్టించుకోని సంగతి ఒకటుంది. పేపరాఫీసులో చోటు చాలకపోతే వార్తని కింద నుంచి కోస్తారు.

మర్నాడు జిల్లా ఎడిషన్లో వచ్చింది: "రైతుల కొంపలు గోదాట్లో కొట్టుకుపోవాలి: గంగరాజు అత్త శాపనార్థాలు." చివరి పేరా లేదు.

గట్టు మీద నిలబడి నవ్విన వాళ్లే అరుగు మీద కూర్చుని చదివి మండిపడ్డారు. చెవికి వేడుకగా తగిలిన మాట కంటికి మరోలా కనబడింది. మిగతా పేపర్లూ అందుకున్నాయి. పెద్ద పార్టీల వాళ్లు ఆ కాగితం కటింగులు జిరాక్సు తీసి ఊరూరా గోడలకి అతికించారు. రోజూ అదే వార్త. గంగరాజు కుళాయి గురించి మాట్లాడితే, "అత్త మాటలపై నోరు విప్పని గంగరాజు" అని రాశారు. రోడ్డు గురించి మాట్లాడితే, "అత్తను వెలేస్తారా? రైతు నాయకుల సవాల్" అని రాశారు.

అప్పలమ్మ గుమ్మం దిగడం మానేసింది. తాతబ్బాయి వెళ్తే మొహం చూపించలేదు. లోపల్నుంచే, "బాబూ, నేనేం తప్పు మాట్లాడేనో చెప్పు. ఇన్నేళ్లూ తిట్టేను, అందరూ చీరలెట్టేరు గదా" అంది. తాతబ్బాయికి గొంతులోంచి మాట రాలేదు. ఆయనకి మాట రాకపోవడం రాజోలు సీమ చరిత్రలో అదే మొదలు.

గంగరాజు మాత్రం కోప్పడలేదు. రేవులో వల మీద కూర్చోబెట్టుకుని, "ఒరేయ్, నువ్వు కావాలని చెయ్యలేదు. నాకు తెలుసు" అన్నాడు.

"మొత్తం రాసేనురా. కింద కోసేసేరు."

"నీకు మొదట్నుంచీ అంతే. తోక చివర్న కట్టి కథ చెప్తావ్." కాస్త నవ్వాడు. తర్వాత నవ్వు తీసేసి అన్నాడు. "రేపు సంత. రైతులందరూ ఉంటారు. నేను మైకు పట్టుకుని కులం గురించే మాట్లాడతాను. అత్తని వదలను, రైతుల్ని వదలను. ఏం మాట్లాడతానో నాకే తెలీదు. కానీ నువ్వు ఉన్నదున్నట్టు రాయి. గెలుపు సంగతి ఎవడికి తెలుసు. అత్త కన్నుముయ్యక ముందు ఆవిడ పేరు బాగవ్వాలిరా. అదొక్కటే అడుగుతున్నాను."

"నా చెయ్యి పడిపోయినా సరే, ఒక్క ముక్క కలపను" అన్నాడు తాతబ్బాయి.

"అమ్మో, కలపకుండా నీకు అన్నం అరుగుద్దా?"

సంత రోజున కొబ్బరికాయల వ్యాపారుల పందిరి ముందు గంగరాజు ప్రచారం జీపు ఆగింది. జనం బాగానే చేరారు. సగం మంది వినడానికి, సగం మంది గొడవ చూడ్డానికి. గంగరాజు మైకు పట్టుకున్నాడు. ఎవరో, "మీ అత్త రాలేదేటి?" అని కేకేశారు. జనం నవ్వారు.

"రాలేదండి. సిగ్గుపడి ఇంట్లో కూర్చుంది. ఆవిడ సిగ్గుపడ్డం నేనెప్పుడూ చూళ్లేదండి, ఇదే చూడ్డం" అన్నాడు గంగరాజు. నవ్వు ఆగింది.

"మా అత్తని వదిలెయ్యమంటున్నారండి. వదిలెయ్యమంటే ఎక్కడ వదలాలండి? ఏ రేవులో దింపి రావాలి? నాకు పాలు లేకపోతే ఊరంతా తిరిగి మేకపాలు అడుక్కొచ్చిన మనిషండి. ఆవిడ తిట్లు తప్పంటే తప్పేనండి. పేపర్లో చదివితే నాకే ఒళ్లు జలదరించింది. కానీ గట్టు మీద మీరందరూ ఉన్నారు గదా. మీరు నవ్వలేదా? నవ్విన నోరు ఇప్పుడు మాట్లాడదేం?

"మా మనసులో కోపం లేదని అబద్ధం చెప్పనండి. ఉంది. ఎనభై ఆరు వరదలో మా పడవలెక్కేటప్పుడు ఎవరూ మమ్మల్ని ఏ కులమని అడగలేదండి. గట్టున దిగేక గుర్తొచ్చింది. మా నాన్న దాహమంటే కొబ్బరిచిప్పతో పోసేరు. ఆ చిప్ప ఆయన చచ్చేదాకా మర్చిపోలేదు. మీ మనసులోనూ భయాలున్నాయి, నాకు తెలుసు. రొయ్యల చెరువులు తవ్వి ఉప్పునీళ్లు తెస్తే తోటలెండిపోతాయని మీ బెంగ. అది నిజం బెంగే. ఆ చెరువులు తవ్వించేది మేం కాదండి, మాకూ మీకూ ఇద్దరికీ మొహం కూడా చూపించని వాళ్లు.

"మా వాళ్లేం తక్కువ తినలేదండి. మా అరుగులన్నీ కట్టింది ఊరవతల పేటలో మత్తయి మేస్త్రి. ఆయన బిందె మా బోరు దగ్గర ఎప్పుడూ ఆఖరునే ఉంటుంది. నేను చూస్తానే పెరిగేను. ఒక్కసారి కూడా ముందుకి జరపలేదు. నాకు సిగ్గేస్తంది. ఎవడి చిప్పతో వాడు ఎవడో ఒకడికి పోస్తానే ఉన్నాం. నేను ఓడిపోతే ఓడిపోతాను. కానీ మా అత్తని తీసేస్తే మీరు నాకు ఓటేస్తామంటే, ఆ ఓటు నాకు వద్దండి. ఉంచుకోండి."

పందిరి కింద కాయలు లెక్కపెట్టే వాళ్ల చేతులు ఎప్పుడాగాయో ఎవరూ చూడలేదు. పక్షవాతం వచ్చిన పెద్ద రైతు ఒకాయన్ని ముందే కుర్చీలో మోసుకొచ్చి కూర్చోబెట్టారు. ఆయన కళ్లొత్తుకుని, "చిప్పతో పోసిన ఇల్లు మాదేనేమోరా" అని పక్కవాడితో అన్నాడు. మత్తయి మేస్త్రి సంత చివర నిలబడి తలగుడ్డ తీసేశాడు. చప్పట్లు కొట్టింది ఎవరో కాదు, ముందు కేకేసిన మనిషే.

తాతబ్బాయి సైకిల్ మీద కాదు, గాలి మీద ఇంటికొచ్చాడు. అన్నం కూడా తినలేదు. ఉన్నదున్నట్టు రాశాడు. ఈసారి బుద్ధొచ్చింది కాబట్టి అసలు సంగతి మొదటి పేరాలోనే పెట్టాడు. పడవ ఆచారం, తిట్టించుకోవడం గౌరవం అన్న మాట, ఉపన్యాసం మొత్తం. సరోజిని పక్కన కూర్చుని చదివి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఇందులో ఉప్పెంతండీ?" అన్నాడు ఆయనే.

"ఇది కూర కాదు లెండి. కన్నీళ్లే" అంది.

కవరు మామూలుగా డ్రైవరుకిచ్చి ఊరుకోలేదు. తనే బస్సెక్కి గన్నవరం దాకా కవరుతో పాటు వెళ్లాడు. అక్విడక్టు దగ్గర దిగి, బస్సు కనుమరుగయ్యేదాకా చూసి, ఎదురొచ్చిన బస్సులో తిరిగొచ్చాడు.

తెల్లారి పేపరు కట్ట విప్పాడు. లోపలి పేజీలో, ఎరువుల ప్రకటన పక్కన, నాలుగు వేళ్ల వెడల్పు కూడా లేని ముక్క. "అత్త శాపాలను సమర్థించిన గంగరాజు. రైతుల ఓట్లు వద్దని వ్యాఖ్య." కింద గీత గీసిన డబ్బాలో అప్పలమ్మ తిట్లు మళ్లీ వేశారు. పాఠకులు మర్చిపోయారేమోనని.

ఎస్టీడీ బూత్ నుంచి రాజమండ్రి ఫోన్ చేశాడు. డెస్కులో సబ్ ఎడిటర్ కృష్ణమూర్తి గారు ఎత్తారు. మంచివాడే. తాతబ్బాయి గుమ్మడికాయ వార్తకి ఇంటికి పిలిచి భోజనం పెట్టిన మనిషి.

"చదివేనయ్యా. నా కళ్లల్లో నీళ్లు తిరిగేయి. నిజం" అన్నారాయన.

"మరి వెయ్యలేదేవండి?"

"అందులో వార్తేముంది చెప్పు? తిట్టు వార్త. సర్దిచెప్పడం ఉపన్యాసం. రేపు ఆవిణ్ని వెలేశాడనుకో, మొదటి పేజీలో వేస్తాను. అభ్యర్థి మంచిగా మాట్లాడేడని పేపరు దారి మార్చదు తాతబ్బాయీ. జనం మారితే మేం మారతాం."

"జనం మారేరండి. నేను చూసేను. సంతలో."

"మనం రాస్తే కదా మారినట్టు" అన్నారు కృష్ణమూర్తి గారు. అన్నాక ఆయనకే ఏదో తట్టినట్టుంది. తర్వాత, "గుమ్మడికాయ లాంటిది ఏదైనా ఉంటే పంపు" అని పెట్టేశారు.

మధ్యాహ్నానికి పాలెం నుంచి కబురొచ్చింది. అప్పలమ్మ పిలుస్తోందని.

వెళ్లేసరికి ఆవిడ చాలారోజుల తర్వాత గుమ్మంలో కూర్చుంది. తల దువ్వుకుంది. ఎవరో తెచ్చిచ్చిన పేపరు ఒళ్లో ఉంది. "రా బాబూ. మావాడు మాట్లాడింది పేపర్లో పడిందంట. పాలెంలో చదువొచ్చినోళ్లు ఉన్నారు గానీ, నాకు నీ నోటంట వినాలనుంది. నువ్వు రాసేవు గదా" అంది.

తాతబ్బాయి పేపరు తీసుకున్నాడు. ఆ ముక్క వైపు చూశాడు. చదవడం మొదలెట్టాడు. "ఇసుకపాలెంలో పడవ నీటిలోకి దించేటప్పుడు ఊరి పెద్ద ముత్తైదువ పెద్దమనుషులను తిట్టడం అనాదిగా వస్తున్న మర్యాద..." ఉపన్యాసం మొత్తం చదివాడు. మేకపాలు, కొబ్బరిచిప్ప, మత్తయి మేస్త్రి బిందె, ఏదీ వదల్లేదు. ఎరువుల ప్రకటన మీదుగా కళ్లు వరసలు మారుస్తూ, మధ్యలో పేజీ తిప్పి మరీ చదివాడు. జీవితమంతా కల్పించి చెప్పిన మనిషి, అక్షరం కల్పించకుండా, లేని వార్త చదివాడు.

అప్పలమ్మ కళ్లు మూసుకుని వింది. అయిపోయాక పేపరు తీసుకుని, గంగరాజు పేరు పెద్దక్షరాల్లో ఉన్న చోటు ఎవరో ముందే చూపించినట్టున్నారు, అక్కడ వేళ్లు పరిచింది.

"ఇంతేనా బాబూ ఉంది? మావాడు అంతసేపు మాట్లాడేడంట. ఇందులో ఎలా పట్టింది?"

"అక్షరాలు బాగా చిన్నవత్తా."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. "అవున్లే. నా కళ్లకి ఆనటం లేదు" అంది. పేపరు నాలుగు మడతలు పెట్టి, లోపలికెళ్లి దిండు కింద పెట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుంది.

తాతబ్బాయి లేచి వెనక్కి తిరిగేసరికి గంగరాజు గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. ఎప్పట్నుంచి నిలబడ్డాడో, చేతిలో అదే పేపరు మడతపెట్టి ఉంది. ఇద్దరూ కాలవగట్టు దాకా నడిచారు. గట్టు మీద మరో మనిషి లేడు. తాతబ్బాయి ఆ పిలుపు కోసం చూశాడు. తిడతాడనుకున్నాడు. ఒరేయ్ నీ చేతికి పక్షవాతం రాను అంటే, ఆ గట్టు మీదే కూలబడి ఏడుద్దామనుకున్నాడు.

గంగరాజు సైకిల్ స్టాండు తీసి, హాండిల్ ఆయన చేతికందించాడు.

"చాలా బాగా చదివేరండి, తాతబ్బాయి గారూ. వెళ్లిరండి."

ఎన్నికల్లో గంగరాజు ఓడిపోయాడు. సంతలో కళ్లొత్తుకున్న వాళ్లు ఓటేసే ఉంటారు. సంతకి రానివాళ్లు పేపరు చదివారు. వాళ్లే ఎక్కువ. తాతబ్బాయి ఏడాది తిరక్కుండా విలేకరి పని మానేశాడు. మానేశాడనడం కంటే వార్తలే ఆయన్ని మానేశాయనాలి. ఆయన చినుకుని చినుకనే రాయడం మొదలెట్టాడు. చినుకుని ఎవరు వేస్తారు? రేవు వైపు వెళ్తూనే ఉన్నాడు. ఈయన కనిపించినప్పుడల్లా గంగరాజే వంగి నమస్కారం పెట్టి, "ఆయ్, బాగున్నారాండి, అమ్మగారు బాగున్నారాండి" అనేవాడు. నలుగురిలోనూ అంతే. ఇద్దరే ఉన్నప్పుడూ అంతే. చేపలు పంపేవాడు. పెళ్లిళ్లకి పిలిచేవాడు. ఒక్క మాట తేడా వచ్చేది కాదు. అంత మర్యాద ఆ సీమలో ఎవరికీ జరగలేదు.

రెండువేల నాలుగులో అప్పలమ్మ పోయింది. తాతబ్బాయి వెళ్లేసరికి పాలెం మొత్తం ఇసకలో కూర్చుని ఉంది. ఆయనా చెప్పులు విడిచి, గంగరాజు పక్కన ఇసకలో కూర్చోబోయాడు. గంగరాజు గబగబా లేచాడు.

"అయ్యయ్యో, కింద వద్దండి. ఒరేయ్, తాతబ్బాయి గారికి కుర్చీ తెండ్రా."

ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, అందరికీ కాస్త ఎడంగా, నీడలో వేశారు. కూర్చోక తప్పలేదు.

ఇంతలో కెమెరా భుజానేసుకుని టీవీ విలేకరి ఒకతను మోటారుసైకిల్ దిగాడు. సర్పంచి గారి కోసం వచ్చి, జనాన్ని చూసి ఆగినట్టున్నాడు. గంగరాజు దగ్గరికెళ్లి మెల్లిగా అడిగాడు. "ఏవండీ, ఈవిడ అప్పట్లో రైతుల్ని తిట్టిన అప్పలమ్మ గారేనాండి?"

తాతబ్బాయి కుర్చీలోంచి సగం లేచాడు. ఉపన్యాసం మొత్తం నాలుక చివర ఉంది, మొదటి పేరాతో సహా. గంగరాజు వైపు చూశాడు.

గంగరాజు ఆ కుర్రాడికి చేతులు జోడించాడు.

"ఆయ్, ఆవిడేనండి."